బ్లెండ్ నాబ్ లేకపోతే ఈ ఫజ్‌ని ఎప్పుడో అమ్మేసేవాణ్ణి

బేస్ గిటార్‌కి ఫజ్ పెడల్ (కాలితో నొక్కితే సౌండుని గరగరలాడించే పెట్టె) కొనేవాళ్ళు ముందు ఒక్కటే చూసుకోండి: క్లీన్ బ్లెండ్ ఉందా లేదా. మిగతావన్నీ తర్వాత. నా దగ్గరున్నది పెద్ద కంపెనీది కాదు, ఎవరో ఇంట్లో కూర్చుని చేత్తో కట్టింది, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. లోపల ఉన్నది బిగ్ మఫ్ అనే పేరున్న ఫజ్ పెడల్ సర్క్యూటే. వాల్యూమ్, టోన్, సస్టెయిన్ (ఫజ్ ఎంత ఉండాలో చూసేది) నాబ్‌ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాలుగో నాబ్ బ్లెండ్. ఫజ్ పట్టని అసలు బేస్ సౌండుని ఎంత కావాలంటే అంత పక్కన కలుపుతుంది. ఆ ఒక్క నాబ్ కోసమే ఇన్నాళ్ళూ దీన్ని మోస్తున్నాను.

మాది పాలకొల్లు వైపు ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళు, తీర్థాలు, డిసెంబరు వస్తే క్రిస్మస్ ప్రోగ్రాములు. ఆర్కెస్ట్రాలో ఫజ్ ఏంట్రా అని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇప్పటి మాస్ పాటలు వినండి, బేస్ గిటార్ ఎక్కడుంది? చాలావాటిలో సింథసైజర్‌తో చేసే సింథ్ బేసే. కీబోర్డు వాయించే మా బావ ఎడం చెయ్యి దానికి పోతే మిగతావన్నీ వాయించడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది, అది చాలక ముందే రికార్డు చేసిన ట్రాక్ పెట్టేస్తాడు, ట్రాక్ పెట్టాక బేస్ వాయించేవాడు స్టేజీ మీద ఊరికే నిలబడాలి. ఫజ్ ఏం చేస్తుందంటే తీగ నుంచి వచ్చే తరంగాన్ని పైనా కిందా కోసేసి ఇంచుమించు చదరంగా చేస్తుంది, సింథ్ బేసుల్లో చాలావాటికి మూలం కూడా ఆ చదరపు తరంగమే. అందుకే సస్టెయిన్ తక్కువ పెట్టి, టోన్ బాగా తగ్గించి, అరచేతి అంచుతో తీగలు కొంచెం నొక్కి వాయిస్తే డ్యాన్సు చేసేవాళ్ళకి తేడా తెలీదు. బావ ఎడం చెయ్యి ఖాళీ అయింది, నాకు మళ్ళీ పని దొరికింది.

అయితే యూట్యూబ్‌లో విన్న సౌండు మన స్టేజీ మీద రాదు. ఆ వీడియోల్లో బేస్ ఆంప్ ఉంటుంది, దాని ముందు మైకు ఉంటుంది. ఆంప్ స్పీకరు నాలుగైదు వేల హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని చాలావరకు దానంతటదే తగ్గించేస్తుంది. మనకి ఆంప్ మాటే లేదు, జాక్ డీఐ బాక్సులోకి (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చేది), అక్కణ్ణుంచి మిక్సర్‌లోకి. అలా నేరుగా ఇచ్చిన ఫజ్ కొబ్బరి పీచు మిల్లు పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. సౌండు కుర్రాడు హై నాబ్ మొత్తం తగ్గించేసి తగ్గట్లేదన్నా అంటాడు, తగ్గదు మరి, చాలా మిక్సర్లలో ఆ నాబ్ పనిచేసేది 12 కిలోహెర్ట్జ్ దగ్గర, ఈ గరగర ఉండేది 3 నుంచి 6 మధ్య. పెడల్ మీదే టోన్‌ని గడియారంలో తొమ్మిది దగ్గరికి తెచ్చుకోవాలి. టోన్ మధ్యలో ఉంటే ఇంకో తలనొప్పి. మఫ్ టోన్ సర్క్యూట్ వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల పెద్ద గొయ్యి తవ్వుతుంది. ఒంటరిగా వాయించుకున్నప్పుడు గదంతా నిండినట్టు ఉన్న బేస్, పక్కన గిటారూ కీబోర్డూ కలవగానే ఎటు పోయిందో తెలీదు. ఆ గొయ్యి పూడ్చేది బ్లెండే. ఫజ్ వేలి బలం తేడాలన్నీ చదును చేసేస్తుంది కదా, మీటిన దెబ్బ మళ్ళీ వినపడేదీ దానివల్లే.

ఇంకో లాభం నేను ఊహించనిది. ఓపెన్ ఇ తీగ 41 హెర్ట్జ్. ఊళ్ళలో పెట్టే సెట్లకి అంత కిందికి దిగే శక్తి ఉండదు, స్టేజీకి దూరంగా కట్టిన బాక్సుల్లో మరీనూ. ఫజ్ వేస్తే 82, 123 అలా పైన ఉండే దాని రెట్లు గట్టిగా వస్తాయి, అవి వినపడితే కింద 41 కూడా ఉన్నట్టే చెవి సర్దుకుంటుంది. అందుకని ఇప్పుడు మామూలు పాటల్లో కూడా సస్టెయిన్ దాదాపు సున్నాలో పెట్టి, బ్లెండ్ క్లీన్ వైపు తిప్పి పెడల్ ఆన్‌లోనే ఉంచుతున్నాను. ఫజ్ ఉందని ఎవరికీ తెలీదు, బేస్ బాగా వినపడుతోందని మాత్రం అంటారు.

ఇక అది చచ్చిపోయిన సంగతి. అంతర్వేది కల్యాణం రోజుల్లో ఆ పక్క ఊళ్ళో ప్రోగ్రాం. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగేటప్పటికే చీకటి పడింది. బ్యాగు తీస్తే నా అడాప్టరు వైరు మొదట్లో తెగి ఉంది. నేను తీగలు శృతి చేసుకుంటుంటే సౌండు కుర్రాడు ఎక్కణ్ణుంచో కీబోర్డు అడాప్టరు ఒకటి పట్టుకొచ్చి, పిన్ను సరిపోయింది కదన్నా అని గుచ్చేశాడు. పిన్ను సరిపోయింది నిజమే. పెడల్‌కి కావాల్సింది 9 వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. ఆ అడాప్టరు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. పొగ రాలేదు, కాలిన వాసన మాత్రం లైటుగా వచ్చింది. లైటు వెలగలేదు. స్విచ్ నొక్కితే సౌండు మొత్తం పోతోంది, మళ్ళీ నొక్కితే క్లీన్ బేస్ మామూలుగా వస్తోంది. ట్రూ బైపాస్ స్విచ్‌తో (పెడల్ ఆఫ్‌లో ఉంటే సౌండు సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా పోయేది) కట్టినందుకు ఆ కట్టినాయనకి దండం పెట్టాలి, లేకపోతే ఆ రాత్రి మధ్యలో పెడల్ పీకేసుకుంటూ కూర్చునేవాణ్ణి. ప్రోగ్రాం అంతా క్లీన్‌లోనే లాగించాం, సింథ్ బేస్ పాటలకి బావ మళ్ళీ ట్రాక్ పెట్టాడు.

మర్నాడు ఆ కట్టినాయనకి ఫోటోలు తీసి పంపిస్తే నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పెడల్ మీద నాకున్న కోపమంతా ఇదొక్కటే, వారంటీ సంగతి వదిలెయ్యండి, ఏ పార్టు పోయుంటుందో ఒక్క ముక్క చెప్పచ్చు కదా. చివరికి మా ఊళ్ళో పాత రేడియో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇప్పుడు ఆయన ఆంప్లిఫయర్లు, ఎల్ఈడీ టీవీలు చేస్తాడు. నాలుగు స్క్రూలు ఊడదీసి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, బోర్డుని దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు.

"నాలుగు ట్రాన్సిస్టర్లే కదండీ, దీనికింత రేటా?"

"మరి సౌండు అలాంటిది బాబాయ్" అన్నాను.

మల్టీమీటర్ సూదులు పవర్ జాక్ పక్కనున్న చిన్న నల్ల డయోడు మీద పెట్టాడు. బీప్. సూదులు అటూ ఇటూ మార్చి పెట్టాడు. మళ్ళీ బీప్. డయోడు ఒక వైపే పోనివ్వాలి, రెండు వైపులా పోనిస్తోందంటే షార్ట్ అయిపోయినట్టే. రివర్స్ కరెంటు వస్తే తను అడ్డంపడి మిగతా పార్టులని కాపాడటానికే దాన్ని ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య వేస్తారు, వేసిన పని చేసి చచ్చింది. సాల్డర్ ఐరన్ అంటించి దాన్ని లాగేసి, డబ్బాలోంచి 1ఎన్4007 డయోడు ఒకటి తీశాడు. ఏ టీవీ మెకానిక్ దగ్గరైనా గుప్పెడు ఉండేదే. ఈసారి అడ్డంగా వద్దు, వరసలో వేస్తాను, ఎవడే అడాప్టరు గుచ్చినా తిరగేసింది లోపలికి రాదు అన్నాడు. అలా వేస్తే 0.6 వోల్టు దాకా డయోడే తినేస్తుంది, 9 కాస్తా 8.4 అవుతుంది. సౌండు మారిందా అంటే కొంచెం మెత్తబడిందని నా మనసు అంటోంది, చెవి ఒప్పుకోవట్లేదు. వోల్టేజీ తగ్గడం ఇష్టం లేనివాళ్ళు 1ఎన్5819 వేయించుకోవచ్చు, అది తినేది 0.3 దగ్గరే.

అంతా అయ్యాక బేస్ తగిలించి స్విచ్ నొక్కితే ఆయన గభాలున స్పీకరు వైరు పట్టుకున్నాడు, ఇంకా ఏదో లూజుగా ఉందని. ఇదే దీని అసలు సౌండు అని నమ్మించడానికి టైం పట్టింది. "ఈ గరగర పోగొట్టడానికే కదండీ జనం ఇన్నాళ్ళూ నాకు డబ్బులిచ్చింది!" ఆయన అనుమానంలో తప్పేమీ లేదు, ఫజ్ పుట్టిందే అలా. 1961లో వచ్చిన ఒక అమెరికా పాట రికార్డింగులో మిక్సర్ ఛానల్ ఒకటి పాడై ఆరు తీగల బేస్ సౌండు బొంగురుపోయింది, బాగుందని అలాగే ఉంచేశారు, 1962కల్లా అదే సౌండు కోసం మేస్ట్రో ఎఫ్‌జెడ్-1 పెడల్ మార్కెట్లోకి వచ్చేసింది. గిటార్ వాళ్ళు ఫజ్ తమ సొత్తు అన్నట్టు మాట్లాడినప్పుడు నేను ఈ ముక్క తప్పకుండా అందుకుంటాను.

తీగల సంగతి. బ్లెండ్ సగంలో పెట్టుకోండి, అంతే, ఇంకేం అక్కర్లేదు అని మొదట్లో కనపడిన ప్రతి బేస్ ప్లేయరుకీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి తీగ చుట్టినవి) వేసిన వారంలో బ్లెండ్ సగంలో పెడితే పైన క్లీన్ తీగ టింగుమంటూ ఒకటి, కింద ఫజ్ ఒకటి, ఇద్దరు వేరువేరుగా వాయిస్తున్నట్టు ఉంటుంది. తీగలు కొంచెం మెరుపు తగ్గాకే రెండూ కలుస్తాయి. ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి) అయితే మొదటి రోజు నుంచే కలుస్తాయి, కానీ ఆ సెట్టు రేటు చూస్తే ఒక రాత్రి ప్రోగ్రాం డబ్బులు దానికే పోతాయి. అలాగని తీగలు మరీ పాతబడనివ్వకూడదు. సముద్రం గాలికి తుప్పు, వేళ్ళ చెమట మురికి పట్టిన తీగ పొడవునా ఒకే బరువులో ఉండదు, ఏ ఫ్రెట్ నొక్కినా కొంచెం తేడాగా పలుకుతుంది. క్లీన్‌లో సరిపెట్టుకోవచ్చు గానీ ఫజ్‌లో రెండు తీగలు కలిపి మీటితే ఆ తేడా గుర్రుమంటూ బయటపడుతుంది. తీగల్ని మరిగే నీళ్ళలో వేసి తీస్తే కొన్ని ప్రోగ్రాములు నెట్టుకురావచ్చు, ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడితే మా అమ్మ ఊరుకోదు.

సెటప్‌లో నేను మార్చింది యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. ఫజ్ చిన్న సౌండునీ పెద్ద సౌండునీ ఒకే ఎత్తుకి తెచ్చేస్తుంది కాబట్టి క్లీన్‌లో వినపడని ఫ్రెట్ బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలే చప్పుడు) కూడా పాటలో భాగమైపోతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇ తీగ రెండున్నర మిల్లీమీటర్లు, జి తీగ రెండు, ఇంతకన్నా దించను. వానాకాలంలో నెక్ కదులుతుంది, దాని లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు తిప్పు కన్నా ఎక్కువ ఒకేసారి తిప్పకుండా సరిచేసుకుంటాను. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటింది), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో చూడాలి, నొక్కింది ఎక్కువ చూపిస్తే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి. ఈ పని చెయ్యకుండా ఫజ్‌ని తిట్టేవాళ్ళని చూశాను.

హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే మోత) గురించి మాత్రం నాకు పరిష్కారం దొరకలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం 49 హెర్ట్జ్. హమ్ ఎక్కువగా పట్టే సింగిల్ కాయిల్ పికప్ ఉన్న బేస్‌కి ఫజ్ వేసి జి శృతిలో పాట వాయిస్తే హమ్ కూడా మనతో కలిసి పాడుతుంది, జెనరేటర్ మీద అయితే దాని శృతి అటూ ఇటూ జారుతుంది కూడా. ఎర్త్ సరిగ్గా ఉన్న చోట సగం తగ్గుతుంది, సౌండు తగ్గగానే మూసేసే నాయిస్ గేట్ పెడితే స్వరం తోక తెగుతుంది. పాటకీ పాటకీ మధ్య వాల్యూమ్ పెడల్ మూసేస్తున్నాను.

కొనాలా అంటే, నాకు ఆంప్ లేదు, నాది పాటకో రకం సౌండు కావాల్సిన ఆర్కెస్ట్రా, పక్క వీధిలో మెకానిక్ ఉన్నాడు. ఈ మూడు కారణాల వల్లే నాకు ఇది కుదిరింది. బ్యాండులో గిటార్ వాయించేవాడు కూడా డిస్టార్షన్ తొక్కి వదలని రకమైతే మీకు అంతగా పనికిరాకపోవచ్చు. చేత్తో కట్టింది వద్దనుకుంటే బిగ్ మఫ్ కంపెనీ వాళ్ళదే బేస్ మఫ్‌లో క్లీన్ సౌండుని కలిపే డ్రై స్విచ్ ఉంది, డీలక్స్‌లో బ్లెండ్ నాబే ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఏది చూసినా బ్లెండ్ మధ్యలో పెట్టి ఓపెన్ ఇ మీటండి. రెండూ కలిసినప్పుడు సౌండు లావెక్కాలి. అలా కాకుండా కింద లోతు పోయి బోలుగా వినపడితే లోపల క్లీనూ ఫజ్జూ ఎదురెదురు ఫేజుల్లో (ఒక తరంగం పైకి పోతుంటే ఇంకోటి కిందికి) ఉన్నట్టు, అలాంటిది చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి, దగ్గర్లో మా బాబాయ్ లాంటి మెకానిక్ ఉంటే తప్ప.