జామాయిల్ తోటకి కార్బన్ క్రెడిట్ల డబ్బు అంటూ ఎకరాకింత ఫీజు అడిగితే కట్టకండి

ప్రకాశం జిల్లాలో జామాయిల్, సుబాబుల్ వేసిన రైతులందరికీ ఇది తెలియాలి. "మీ తోటకి కార్బన్ క్రెడిట్లు రాయిస్తాం, ఏటా ఎకరాకి ముప్పై వేలు అకౌంట్లో పడతాయి" అంటూ ఒక సంస్థ మనుషులు ఊళ్లు తిరుగుతున్నారు. కార్బన్ క్రెడిట్ అంటే చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌కి లెక్కకట్టి ఇచ్చేది, దాన్ని కంపెనీలు కొంటాయి. మా దగ్గర ఎకరాకి నాలుగు వేల చొప్పున రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేశారు. రెండేళ్లు దాటింది, రూపాయి రాలేదు. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. మా బాబాయికీ, పక్క ఊరి వాళ్లకీ ఇదే జరిగింది.

ఇచ్చిన సర్టిఫికెట్ చూస్తే ఎవరైనా నమ్ముతారు. మెరిసే హోలోగ్రాం, చెట్టు బొమ్మ, కింద ప్రాజెక్టు నంబరు. కార్బన్ ప్రాజెక్టులు నమోదు చేసే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ అనే అంతర్జాతీయ సంస్థల రిజిస్ట్రీల్లో ఆ నంబరుతో వెతికాం. ఎక్కడా లేదు. బాబాయి సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తే రెండు నంబర్లకీ చివరి అంకె ఒక్కటే తేడా. అది రసీదు పుస్తకంలో వరస నంబరు, అంతే. ఆ రెండు రిజిస్ట్రీలూ ఫోన్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. సంతకం పెట్టకముందే చూడండి.

వాళ్లు చెప్పే లెక్క కూడా నిలబడదు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. కోతకొచ్చిన తోటలోని కర్ర మొత్తానికి క్రెడిట్లు లెక్కకట్టి, అంత డబ్బు ఏటా వస్తుందని చెప్పారు. మనమేమో నాలుగైదేళ్లకోసారి కొట్టి పేపరు మిల్లుకి తోలి, మళ్లీ పిలకలు లేపుతాం. ఇలా కొట్టే తోటకి, ఎన్నో కోతల మీద సగటున తోటలో నిలిచే కార్బన్ వరకే క్రెడిట్లు ఇస్తారు. ఆ సగటు చేరాక చెట్లు ఎంత పెరిగినా కొత్తగా ఏమీ రాదు. ఇంకో ముఖ్యమైన షరతు, క్రెడిట్ డబ్బు లేకపోయినా ఎలాగూ వేసే తోటకి అర్హత ఉండదు. దశాబ్దాలుగా మిల్లుల కోసమే జామాయిల్ వేస్తున్న మన వైపు, అందులోనూ ఎప్పుడో నాటేసిన తోటకి, క్రెడిట్లు ఎలా రాయిస్తారు?

అడిగితే కేంద్ర ప్రభుత్వ గెజిట్ కాపీ చూపించారు. అది 2023 గ్రీన్ క్రెడిట్ నిబంధనలది. అది కార్బన్ క్రెడిట్ పథకం కాదు, వేరే పథకం. అందులో చెట్ల పెంపకం అటవీ శాఖ గుర్తించిన క్షీణించిన అటవీ భూముల్లో చేసేది, మన పట్టా భూమికి వర్తించదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది అగ్రిమెంటు. అంతా ఇంగ్లీషులో ఉంది. లోపల ఒక చోట, కార్బన్ హక్కులు 40 ఏళ్లు సంస్థవేనని, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా చెట్లు కొట్టకూడదని రాసుకున్నారు. కర్ర రేటు బాగున్నప్పుడు సొంత తోట కొట్టుకోవాలన్నా ఇప్పుడు లాయర్ని అడగాల్సి వస్తోంది. ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

అరకులో గిరిజన రైతుల చెట్ల మీద నిజంగానే కార్బన్ ప్రాజెక్టు నడిచింది. అక్కడ క్రెడిట్లు తీసుకునే కంపెనీల నిధే ముందు పెట్టుబడి పెట్టింది. మన దగ్గర మాత్రం ముందే రైతు చేత డబ్బు కట్టిస్తున్నారు.

ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, యూపీఐ స్టేట్‌మెంట్, అగ్రిమెంటు జిరాక్స్ జాగ్రత్త చేసుకోండి. ఒక్కొక్కరం వెళితే చిన్న మొత్తమని స్టేషన్లో పక్కన పెడుతున్నారు. ఊళ్లో కట్టినవాళ్లంతా కలిసి ఒకేసారి ఫిర్యాదు ఇవ్వండి.