రికార్డు రూములో మోగిన ఫోన్

ఇంటర్నెట్ కాల్స్ వచ్చాక ఆఫీసులో బల్ల మీద ఫోన్లెందుకని ఎవరైనా అడిగితే, 2024 జులై 31 రాత్రి దాకా నేనూ "దండగ, తీసేయండి" అనే చెప్పేదాన్ని.

మాది విజయవాడలో చిన్న ఆడిటర్ ఆఫీసు. సార్, నేను, ఇద్దరు అకౌంటెంట్లు, నలుగురు ఆర్టికల్స్ (సీఏ చదువుతూ మా దగ్గర పని నేర్చుకునే పిల్లలు), అటెండర్ బాబాయ్. 2019లో ఆరు ఐపీ ఫోన్లు కొన్నాం. నడిచేది ఇంటర్నెట్ వైరు మీదే అయినా మా నోటికి అవి ఇప్పటికీ ల్యాండ్‌లైన్లే. 2020 లాక్‌డౌన్‌లో అదే 0866 నంబరు సెల్‌ఫోన్‌ యాప్‌లోకి వచ్చేసింది. ఇంట్లో పప్పు తిరగమోత వేస్తూ మాట్లాడినా క్లయింటుకి ఆఫీసు నంబరే కనపడేది. ఆ రోజుల్లో ఆ యాప్ గురించి నేను చెప్పని మనిషి లేడు. 2024 ఏప్రిల్‌లో సార్‌ని ఒప్పించి ఫోన్లు తీయించింది కూడా నేనే. ఐదింటిని అట్టపెట్టెలో సర్దాం. ఆరోది రికార్డు రూములో, పాత ఫైళ్ళ కట్టల వెనక ఉంది. దాని వైరు చేతికి అందక అలాగే వదిలేశాం.

ఇక జులై 31 అంటే ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులకు ఆఖరి రోజు. గడువు పెంచుతారేమోనని సాయంత్రం దాకా అందరూ ఎదురుచూశారు, పెంచలేదు. రాత్రి ఎనిమిదిన్నరకి బందరులో ఉండే మా పాత క్లయింటు, రిటైరైన మాస్టారు ఒకాయన రిటర్ను మిగిలిపోయింది. ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయారు. కొత్తది పెట్టాలంటే ఆయన సెల్‌కి వచ్చే ఆధార్ ఓటీపీ కావాలి. పదిహేను నిమిషాలు దాటితే అది పనిచేయదు. (ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని క్లయింట్లందరికీ జాగ్రత్తలు చెప్పేది మేమే. జులై చివరి వారంలో అందరినీ అడిగేదీ మేమే.) ఆయనకి ఫోన్ చేసి అడిగితే, "కళ్ళజోడు వెతుక్కుని చూసి నేనే ఫోన్ చేస్తానమ్మా" అని పెట్టేశారు.

కూర్చున్నాం. ఐదు నిమిషాలైంది, ఎనిమిదైంది. ఏ ఫోనూ మోగలేదు. ఓటీపీ రాలేదేమో, మళ్ళీ పంపిద్దామా అనుకుంటుంటే ఎక్కడో దూరంగా ట్రింగ్ ట్రింగ్‌మని వినపడింది. పక్కింటి టీవీ అనుకున్నాను. బాబాయ్ మాత్రం టీ గ్లాసులు అక్కడే వదిలేసి రికార్డు రూములోకి పరిగెత్తాడు. కట్టలు జరిపి ఎత్తేసరికి అవతల మాస్టారు గొంతు నాకు కూడా వినపడింది: "ఏమయ్యా, ఇది మూడోసారి, ఎవరూ ఎత్తరేం?" బాబాయ్ చేతికందిన ఫైలు అట్ట మీద ఆరంకెలూ రాసుకొచ్చాడు. రిటర్ను వెళ్ళిపోయింది. ఆయనకి ఐదు వేల లేటు ఫీజు తప్పింది.

తర్వాత చూస్తే సంగతి ఇదీ. కాల్ అందరి యాప్‌లకీ వచ్చింది. మూడు సెల్‌ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని నిద్రపుచ్చేశాయి. నా సెల్‌లో వేరే కాల్ నడుస్తోంది. కంప్యూటర్‌లోని యాప్ మోగిందట, కానీ మోత హెడ్‌సెట్‌లోకి వెళ్ళింది. ఆ హెడ్‌సెట్ కీబోర్డు పక్కన పడి ఉంది. కాల్స్ పంపే జాబితాలోంచి రికార్డు రూము నంబరు తీసేయడం ఎవరికీ గుర్తులేదు కాబట్టి అది మోగింది. సెల్‌కి సవాలక్ష పనులు. బల్ల ఫోన్‌కి మోగడం ఒక్కటే పని. పైగా అది ఫలానా మనిషికి అని మోగదు, గది మొత్తానికీ మోగుతుంది. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు.

మర్నాడే రెండు ఫోన్లు బయటికొచ్చాయి, ఒకటి నా బల్ల మీదికి, ఒకటి సార్ గదిలోకి. సార్ లైన్లో ఉంటే నా ఫోన్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. తలుపు తోసి తొంగిచూసే పని లేదు. యాప్‌లో నాకు దొరకనిది ఆ లైటే.

అలాగని ఇది చావులేని వస్తువేం కాదు. గత ఏడాది నెట్ కంపెనీ మార్చాం. కొత్త రూటర్ పెట్టి వెళ్ళారు. మా మాట అవతలికి వెళ్తోంది, వాళ్ళ మాట మాకు రావట్లేదు. ఫోన్ మీద పచ్చ లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. రెండు రోజులు "హలో, హలో" అంటూనే గడిపాం. చివరికి రూటర్ సెట్టింగుల్లో ఇంటర్నెట్ కాల్స్ మధ్యలో వేలు పెట్టే సిప్ ఏఎల్‌జీ అనేదాన్ని ఆపేస్తే సర్దుకుంది. ఆ రెండు రోజులూ సెల్ డేటా మీద ఆఫీసుని నడిపింది నేను తిట్టుకున్న ఆ యాపే.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పాత రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఊరంతా చీకటైనా మోగేది. ఇది అలా కాదు. రూటర్, ఫోన్ల వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ రెండూ యూపీఎస్ మీద లేకపోతే కరెంటు పోగానే గుడ్డిదైపోతుంది. మా స్విచ్‌ని యూపీఎస్ మీదికి మార్చింది మొన్న ఎండాకాలంలోనే.

ఇన్నేళ్ళలో అరిగింది పెద్దగా లేదు. మెలికల తీగ చిక్కుపడి శివుడి జటలా తయారైంది. జీరో బటన్ మీద అంకె పూర్తిగా చెరిగిపోయింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి కదా, ఆ దెబ్బలన్నీ దాని మీదే.

మా ఆర్టికల్స్‌కి అయితే ఫోన్ ఇవ్వలేదు, ఇవ్వను కూడా. నెలలో సగం రోజులు ఆడిట్‌కి క్లయింట్ల దగ్గరే ఉంటారు, వాళ్ళకి యాప్ చాలు. అందరూ ల్యాప్‌టాప్, చెవిలో ఇయర్‌ఫోన్‌తో కూర్చునే ఆఫీసైతే ఒక్కటి కూడా కొనకండి అంటాను. మాకు వచ్చేది పెన్షనర్లు, కొట్ల వాళ్ళు. వాళ్ళకి తెలిసింది ఒక్క నంబరే, ఎత్తేదాకా కొడుతూనే ఉంటారు. సార్‌కి అరవై రెండేళ్ళు, హెడ్‌సెట్ పెట్టుకోమంటే "నేనేమన్నా పైలట్‌నా" అంటారు.

మిగతా మూడూ అట్టపెట్టెలో బీరువా మీద ఉన్నాయి. రికార్డు రూములోది మాత్రం కదిలించలేదు. రోజూ పొద్దున్నే బాబాయ్ దాన్ని ఎత్తి, టోన్ వస్తోందో లేదో చూసి పెడతాడు.