లద్దాఖ్ సైన్యానికి సరుకు: లారీయా, రైలా, విమానమా?

మంచు పడితే లద్దాఖ్‌కు వెళ్లే దారులు, అంటే శ్రీనగర్ వైపు జోజి లా కనుమ, మనాలి వైపు కనుమలు మూసుకుపోతాయి. అందుకే లద్దాఖ్‌లోని సైన్యానికి చలికాలానికి సరిపడా బియ్యం, పప్పు, కిరోసిన్, మందుగుండు వేసవిలోనే చేర్చి పెడతారు. ఈ రవాణా ఖర్చు తగ్గాలంటే ఏ దారి మేలు?

విమానం సంగతి ముందు తేల్చేద్దాం. వాయుసేన భారీ రవాణా విమానం సి-17 ఒక్క విడతలో 70 టన్నులకు పైగా మోయగలదన్నది కాగితం మీది లెక్క. లేహ్ రన్‌వే ఉన్నది 10,600 అడుగుల ఎత్తున. అక్కడ గాలి పలచన, ఎండ ఎక్కేకొద్దీ మరీ పలచన. ఇంజన్ల బలం తగ్గుతుంది, బరువూ తగ్గించుకోవాల్సి వస్తుంది. అందుకే విమానాలు ఎక్కువగా పొద్దున్నే తిరుగుతాయి. 2020లో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత ట్యాంకులను కూడా విమానాల్లోనే తరలించారు. అది తొందర కొద్దీ చేసిన పని, ఖర్చు చూసుకుని చేసింది కాదు. మందులకు, జవాన్లకు, అర్జెంటు విడిభాగాలకు విమానమే సరి. బియ్యం బస్తాలకు మాత్రం దండగ.

రైలు కొత్త ఆశ. 2025 జూన్‌లో కశ్మీర్ లోయ దేశపు రైలు మార్గంతో కలిసింది. అదే ఏడాది సైన్యం చలికాలపు సరుకును అనంతనాగ్ దాకా గూడ్స్ రైల్లో పంపింది. జమ్మూ-శ్రీనగర్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడే రాంబన్ ఘాట్‌లో లారీలు రోజుల తరబడి ఆగిపోయే టెన్షన్ తప్పింది. కానీ పట్టాలు లోయలోనే ఆగిపోతాయి. అక్కడినుంచి జోజి లా ఎక్కాల్సింది మళ్లీ లారీయే.

కాబట్టి లారీని తప్పించుకోలేం. 2020 అక్టోబర్‌లో మొదలైన అటల్ సొరంగం మనాలి దారిలో 46 కిలోమీటర్లు తగ్గించింది. అయినా ముందున్న బారాలాచా లా కనుమ మీద మంచు అలాగే ఉంది. జోజి లా సొరంగం పనేమో మన హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థ చేతిలో ఉంది. అది వాడకంలోకి వస్తే ఏడాది సరుకంతా కొన్ని నెలల్లోనే తోసేయాల్సిన హడావిడి తగ్గుతుంది.

అసలు పొదుపు మోయకుండా మిగిలే బరువులో ఉందని నా లెక్క. చలి కాచుకోవడానికే బోలెడంత కిరోసిన్ పోతుంది. సియాచిన్‌లో ఎత్తైన పోస్టులకు చివరి అంచె చీతా హెలికాప్టర్‌దే. ఆ ఎత్తున అది మోసేది చాలా కొంచెం. పైకి చేరేసరికి డబ్బా కిరోసిన్ అసలు ధరకు ఎన్నో రెట్లు పడుతుంది. 2021లో లద్దాఖ్‌కు చెందిన ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ జవాన్ల కోసం ఎండతో వెచ్చబడే గుడారం తయారుచేసి చూపించారు. నన్నడిగితే బరువు సరుకు రైలు, లారీల మీద పంపుతూ, కొత్తగా పెట్టే డబ్బు ముందు ఇలాంటి గుడారాల మీద పెట్టాలి. మబ్బు పట్టే రోజులకు కొంత కిరోసిన్ నిల్వ ఎలాగూ ఉండాల్సిందే.