పెరటి పంటకు గాజు సీసాలు: చాలాకాలం వాడిన మీదట

పెరట్లో పండిన టమాటాలనూ, వేసవిలో వచ్చే మామిడిపండ్ల గుజ్జునూ మరుగునీటిలో కాచి ఏడాది పొడవునా నిల్వ చేసుకునేందుకు మర మూతల గాజు సీసాలను మా ఇంట్లో 2018కి ముందునుంచీ వాడుతున్నాము. మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో పలాసకు దగ్గర, ఉద్దానం నేల. పులుపున్న పంటకు ఈ సీసాలు ఎంతో మేలైనవనీ, పులుపు లేని కూరగాయలను మాత్రం వీటిలో నిల్వ చేయనే కూడదనీ, ఆవకాయకు జాడీయే సరైనదనీ ఇన్నాళ్ల వాడకం మీద నాకు కుదిరిన అభిప్రాయం. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందుగా సీసా సంగతి. మందపాటి గాజు సీసా, మూతి చుట్టూ మరలు ఉంటాయి. మూత రెండు భాగాలుగా వస్తుంది. ఒకటి పలుచటి రేకు బిళ్ల. దాని అడుగున అంచు వెంబడి రబ్బరులాంటి మెత్తని పూత ఉంటుంది. రెండోది ఆ బిళ్లను సీసా మూతికి అదిమిపట్టే మర చుట్టు. అమెరికాలో జాన్ మేసన్ అనే ఆయన మర మూతి సీసాకు 1858లో పేటెంటు తీసుకోవడంతో వీటికి మేసన్ జార్లనే పేరు స్థిరపడింది. అయితే మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలామటుకు ఒకే ముక్క మూత గలవి, పప్పులూ పొడులూ పోసుకోవడానికి తప్ప ఈ పనికి ఒదగనివి. మరుగునీటిలో కాచేందుకు తయారైన సీసా అవునో కాదో కనుక్కున్న తరువాతే డబ్బు పెట్టాలి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గుజ్జు నింపి మూత పెట్టిన సీసాను మరిగే నీటిలో ముంచి కాస్తున్నంతసేపూ లోపలి గాలి బిళ్ల అంచు కిందినుంచి బయటికి తప్పుకుంటుంది. చల్లారేటప్పుడు లోపలి ఆవిరి తగ్గి, బిళ్ల లోపలికి గుంజుకుపోయి మూతికి అతుక్కుంటుంది. ఆ తరువాత దాన్ని పట్టి ఉంచడానికి మర చుట్టుతో కూడా పని లేదు. అందుకే కాచే ముందు చుట్టును వేళ్లతో తిప్పినంత మేరకే బిగించాలి. బలంకొద్దీ బిగిస్తే గాలికి దారి ఉండదు, బిళ్ల ఉబ్బిపోతుంది.

ఇక ఈ సీసాలు మా ఇంటికి ఎందుకు అవసరమయ్యాయో చెప్పాలంటే పెరడు గురించి చెప్పాలి. మా ఇసుక నేలలో నీరు నిలవదు, సారమూ తక్కువ. ఏటా పశువుల గత్తం దండిగా వేసి, పైన ఎండు కొబ్బరాకులు పరిస్తే గాని మొక్క నిలదొక్కుకోదు. ఆనప, దొండ, బీర పాదులు, వంగ, బచ్చలి, గోంగూర ఏ పూటకు ఆ పూట కోసుకునేవి. వాటికి నిల్వ బాధ లేదు. టమాటా అలా కాదు. దసరా వెళ్లాక నారు పోస్తే సంక్రాంతి నాటికి పండ్లు మొదలై, శివరాత్రి దాకా బుట్టలకు బుట్టలు దిగుతాయి. ఎండలు ముదిరి రాత్రులు కూడా వేడెక్కేసరికి పూత రాలిపోయి పంట ముగిసిపోతుంది. ఆ మధ్యకాలంలో ఊరందరి పెరళ్లలోనూ టమాటాలే కనుక ఇరుగుపొరుగుకు పంచుదామన్నా తీసుకునేవారు ఉండరు. మళ్లీ ఆషాఢ శ్రావణాల్లో అదే టమాటా కొనబోతే ధర మండిపోతూ ఉంటుంది. 2023 జులైలో కిలో నూరు రూపాయలు దాటి, ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకు రాయితీ మీద అమ్మవలసి వచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ నెలంతా మా ఇంట్లో చారుకూ పప్పుకూ మాఘమాసంలో సీసాలకెత్తిన మా పెరటి పండ్లే వాడాము.

టమాటాలను సీసాకెత్తే పద్ధతిలో మూడు నాలుగు చోట్ల చాలా జాగ్రత్త అవసరం. పండ్లు గట్టిగా, బాగా ఎర్రబారి, మచ్చ లేకుండా ఉండాలి. ఆకుముడత తెగులు వచ్చి ఎండిపోయిన మొక్క పండ్లలో పులుపు తగ్గిపోయే వీలుంది కాబట్టి వాటిని ఆ పూట కూరకే వాడతాను గాని సీసాకు రానివ్వను. పండ్లను మరిగే నీటిలో అర నిమిషం, మహా అయితే నిమిషం ముంచి చన్నీళ్లలో వేస్తే తొక్క పగిలి చేతికి ఊడివస్తుంది. ఆపైన అన్నిటినీ ఒకేసారి తరిగిపెట్టుకోకూడదు. తరిగిన టమాటా ఊరికే ఉన్నకొద్దీ అందులోని చిక్కదనం విరిగిపోయి, సీసాలో అడుగున నీళ్లూ పైన గుజ్జూ వేరుపడతాయి. అందుచేత ఆరింట ఒక వంతు పండ్లను ముందుగా తరిగి, పెద్ద మంట మీద గరిటెతో చిదుముతూ మరిగించి, మిగిలినవాటిని తరిగినవి తరిగినట్టే ఆ మరుగులో వేస్తూ పోవాలి. అన్నీ వేశాక మరో ఐదు నిమిషాలు ఉడికితే చాలు. ఇలా చేసిన గుజ్జు నెలలు గడిచినా ఒకే చిక్కగా ఉంటుంది.

ఆ తరువాతది పులుపు. మన దేశవాళీ టమాటా నాలుకకు ఎంత పుల్లగా తోచినా దాన్ని నమ్ముకోకూడదు. సుమారు 470 మిల్లీలీటర్లు పట్టే చిన్న సీసాకు పావు చెంచా, దానికి రెట్టింపు పట్టే సీసాకు అర చెంచా నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, వేయడం తప్పనిసరి. ఇక్కడ చెంచా అంటే కొలత చెంచా, 5 మిల్లీలీటర్లది. చెట్టు నిమ్మకాయల పులుపు కాయకాయకూ మారుతుంది కాబట్టి ఈ పనికి నిమ్మ ఉప్పే నికరం. మామూలు ఉప్పు రుచి కోసమే గాని నిల్వకు అవసరం లేదు. మా అత్తగారికి రక్తపోటు ఉండడంతో మా సీసాల్లో ఉప్పు అసలు వేయము. ఉప్పుతో నూనెతో నిలబడే టమాటా నిల్వ పచ్చడి ఆవిడ తినలేరు. ఈ గుజ్జుతో కాచిన చారు మాత్రం నిశ్చింతగా పోసుకుంటారు. నా దృష్టిలో ఈ సీసాల వల్ల కలిగిన మేళ్లలో ఇది ముఖ్యమైనది.

వేడి గుజ్జును వేడి సీసాలోనే పోయాలి. పైన అర అంగుళం ఖాళీ ఉంచి, పుల్లతో కలియబెట్టి గాలి బుడగలు పోగొట్టి, తడి గుడ్డతో మూతి అంచును శుభ్రంగా తుడవాలి. ఒక్క గింజ అంటుకుని ఉన్నా బిళ్ల పట్టదు. కాచడానికి ప్రత్యేకమైన పాత్ర అక్కరలేదు. పెళ్లిళ్లకు వాడే గుండిగ మా ఇంట్లో ఉంది. దాని అడుగున పాత పంచె మడతలు పెట్టి పరిచి, సీసాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, మూతల మీద అంగుళానికి తగ్గకుండా నీళ్లు పోసి, నీరు తెర్లడం మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టి చిన్న సీసాలను 35 నిమిషాలు, పెద్దవాటిని 45 నిమిషాలు కాచాలి. ఈ లెక్క సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు లోపు ఊళ్లకే వర్తిస్తుంది. కొండల మీద నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక అక్కడ ఇంకా ఎక్కువసేపు కాచాలి. గ్యాసు మీద ఇంత నీటిని మరిగించడం ఖర్చు. మేము పెరట్లో కట్టెల పొయ్యి మీద, ఎండు కొబ్బరిమట్టలతో కాస్తాము.

సీసాలను నిలువుగానే బయటికి తీసి, చెక్క పీట మీద తువ్వాలు పరిచి దాని మీద పెట్టాలి. చల్లని గచ్చు తగిలితే గాజు నిలువునా పగులుతుంది. కాసేపటికి ఒక్కొక్క బిళ్లా టక్కుమని లోపలికి గుంజుకుంటుంది. మర్నాటి దాకా కదపకుండా ఉంచి, చుట్టు తీసి, బిళ్ల నడుమ వేలితో నొక్కి చూడాలి. కదలకపోతే పట్టినట్టు. లోపలికి నొక్కుకుని మళ్లీ పైకి లేస్తే పట్టలేదన్నమాట. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి ముందుగా వాడేసుకోవాలి.

పక్కింటి అమ్మాయి ఒకసారి వచ్చి చూసి, “పిన్నీ, చిక్కుళ్లు కూడా ఇలాగే పెట్టేసుకోవచ్చు కదా? కాకపోతే కుక్కర్లో పెడదాం” అని అడిగింది. చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. చిక్కుడు, బెండ, మునగ, వంకాయలకు పులుపు ఉండదు. మట్టిలో సహజంగా ఉండే క్లోస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీల మరుగులోనూ చావవు. పులుపు లేని చోట, గాలి ఆడని సీసాలో అవి మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని పుట్టిస్తాయి. వాసన గాని, రంగు గాని మారకపోవచ్చు కూడా. పులుపును కొలిచే లెక్కను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 లోపు ఉంటే ఆ బీజాలు మొలకెత్తలేవు. నిమ్మ ఉప్పు పట్టుదల అందుకే. పులుపు లేని కూరలకు 116 డిగ్రీల వేడి కావాలి, దానికి వేరే పీడన పాత్ర ఉంది. మన వంటింటి కుక్కరు తొందరగా వేడెక్కి తొందరగా చల్లారిపోతుంది. సీసా నడిమధ్యకు ఎంత వేడి అందిందో తెలిసే మార్గం లేదు కనుక ఆ పనికి దాన్ని వాడకూడదు. చిక్కుళ్లూ వంకాయలూ మిగిలితే మన పెద్దలు చేసినట్టు ఎండలో ఒరుగులు పెట్టుకోవడమే మేలు.

మామిడి విషయంలో నాకు సంతృప్తి ఉంది గాని టమాటా అంత కాదు. విజయనగరం వైపు నుంచి వచ్చే సువర్ణరేఖ, అదే మనం సుందరి అనే పండు, గుజ్జుకు బాగుంటుంది. పండు మామిడిలోనూ పులుపు చాలదు కాబట్టి గుజ్జులో నిమ్మరసం, పంచదార చేర్చి పావు లీటరు సీసాల్లో 15 నిమిషాలు కాస్తాము. తీపి నిలుస్తుంది, నెలలు గడిచేకొద్దీ పైపొర కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది, చెట్టు పండు సువాసన కొంత తగ్గుతుంది. పిల్లలకు పాలలో కలిపి ఇవ్వడానికి చక్కగా ఉంటుంది. నిల్వకు మాత్రం తాండ్రే రుచి అని మావారి మాట, నాదీ అదే.

ఈ సీసాల విలువ పూర్తిగా తెలిసింది తిత్లీ తుపాను నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మా పలాస ప్రాంతంలోనే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. పెరట్లో పాదులన్నీ పందిరితో సహా కూలిపోయాయి, మునగచెట్టు మొదలంటా విరిగింది. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ రెండో రోజుకే పారబోశాము. కొట్టుగదిలో కింది అరలో ఉన్న టమాటా సీసాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కూరగాయల బండి మా ఊరు వచ్చేదాకా ఆ గుజ్జు, కందిపప్పు, జాడీలో ఆవకాయ, ఇవే మాకూ మా వీధిలో మరో రెండిళ్లకూ కూడు పెట్టాయి. కరెంటుతో పని లేని నిల్వ మన తీరప్రాంతపు ఇళ్లకు ఎంత అవసరమో అప్పటినుంచి ఎవరు అడిగినా చెబుతున్నాను.

లోపాలు లేకపోలేదు. రేకు బిళ్ల ఒకసారికే పనికొస్తుంది, రెండోసారి నమ్మకంగా పట్టదు. ఆ బిళ్లలు విడిగా మా దగ్గరి దుకాణాల్లో దొరకవు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ధర ఎక్కువ. ఒక అమ్మకందారు అంచు సొట్టపోయిన బిళ్లలు పంపి, తిరిగి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఉప్పుగాలికి మర చుట్లు ఇట్టే తుప్పు పడతాయి. సీసా పట్టిన మర్నాడే చుట్లు తీసి, కడిగి, పొడిగా తుడిచి దాచుకుంటే కొన్నేళ్లు వస్తాయి. మొదటి ఖర్చు మాటకు వస్తే, పెరట్లో పంట లేనివారికి ఇది గిట్టుబాటు కాదని నిష్కర్షగా చెప్పగలను.

ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్ల జోలికి ఈ సీసాలను తీసుకురాకండి. ఉప్పుకూ పులుపుకూ రేకు మూత తినేసుకుపోతుంది. మూతి అంచుకు నూనె అంటితే బిళ్ల పట్టదు. ఆవకాయను అసలు కాచవలసిన పనే లేదు. వెడల్పు మూతి జాడీలో పెట్టి, వాసెన కట్టి, మూడో నాడు చేయి పెట్టి తిరగకలపడానికి వీలున్నదే దానికి తగిన పాత్ర.

కొత్తగా కొనేవారు చిన్న సీసాలనే తీసుకోండి, వెడల్పు మూతి ఉన్నవైతే కడగడం సులువు. నలుగురున్న ఇంట్లో చిన్న సీసా ఒక పప్పుకూ ఒక చారుకూ సరిపోతుంది. పెద్దది తెరిస్తే మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో ముగించాలి. సీసాల మీద కాచిన తేదీ రాసి, వెలుతురు పడని చోట పెట్టి, ఏడాదిలోపు వాడేయండి. తెరిచేటప్పుడు బిళ్ల ఉబ్బి ఉన్నా, లోపలినుంచి నురుగు చిమ్మినా నాలుకకు తగిలించకుండా పారబోయండి. బిళ్లలను సీసాల లెక్కకు రెట్టింపు తెప్పించుకుని, సంక్రాంతికి ముందే ఇంట్లో సిద్ధంగా ఉంచుకోండి. పండ్లు దిగడం మొదలయ్యాక ఆర్డరు పెడితే పార్శిలు వచ్చేలోగా బుట్టలో పండ్లు మెత్తబడిపోతాయి.