ఆస్పత్రిలో అమ్మ దగ్గర రాత్రి ఎవరుండాలి: ఇంటి మనిషా, ఆయానా?

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లు ఆస్పత్రిలో చేరితే ఇంట్లో ముందు తేలాల్సింది ఇదే. అమ్మకు న్యుమోనియా వచ్చినప్పుడు నాకు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ), చెల్లిది మధురవాడ, చిన్న పిల్లలు, అందుకని రాత్రికి ఆయాను పెట్టేశాం.

ఆవిడ పనికి వంక పెట్టలేం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, డైపర్ మార్చడం, ఒళ్లు తుడవడం నాకంటే వందరెట్లు బాగా చేసేది. కానీ అర్ధరాత్రి అమ్మ లేచి "ఆవుకి కుడితి పెట్టాలి" అని మంచం దిగబోతే, పాపం ఆవిడకేం తెలుస్తుంది, చేతులు గట్టిగా పట్టుకుంది, అమ్మ సెలైన్ సూది పీకేసింది. మర్నాడు రాత్రి అదే మాటకి చెల్లి "పెట్టీసేనమ్మా, తాగీసింది" అంది. అమ్మ పడుకుంది.

అలాగని ఇంటి మనిషైతే చాలనుకోవద్దు. మొదటి రోజు నేనే అమ్మకి పడుకోబెట్టి నీళ్లు పట్టాను, పొలమారి ఊపిరాడలేదు. కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టాలని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నా లెక్కలో పగలు ఆయా, రాత్రి ఇంటి మనిషి. డిమెన్షియా ఉన్నవాళ్లకి తికమక ఎక్కువయ్యేది చాలాసార్లు సాయంత్రం నుంచే. పైగా నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి చూపు నిలపకుండా మగతగా పడుంటే అది పాత మతిమరుపేలే అనుకోవద్దు, డెలీరియం (ఒంట్లో బాగోక ఉన్నట్టుండి మనసు తికమకపడటం) కావచ్చు. ఇన్ఫెక్షన్, మూత్రం బిగుసుకోవడం, మలబద్ధకం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఆ తేడా రోజూ చూసేవాళ్లకే తెలుస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి ఆయాను పెట్టుకునే స్తోమతే ఉండదు, అంతా ఇంటివాళ్లే చూసుకోవాలి. వాళ్లు మొదటి రోజే సిస్టర్ దగ్గర తిప్పడం, తినిపించడం నేర్చుకోవాలి.

ఎవరున్నా కళ్లజోడు, వినికిడి మిషన్ తీసుకెళ్లండి. ఒక కాగితం మీద వాడే మందులు, ముద్దుపేరు, బాత్రూమ్‌కి వెళ్లాలంటే పేషెంట్ ఏం చేస్తారో (మా అమ్మైతే చీర కుచ్చిళ్లు నలుపుతుంది) రాసి పెట్టండి. అటెండర్ పాస్ ఒక్కటే ఇస్తే, మనిషి మారేటప్పుడు ఓ పావుగంట ఇద్దర్నీ ఉండనివ్వమని సిస్టర్‌ని అడగండి. మాకు ఒప్పుకున్నారు.