మొరాయించే కొత్త కారు: వెనక్కివ్వడం ఎలా, ఏ బ్రాండ్‌ని ఎంత నమ్మాలి

కొత్త కారు నెల తిరక్కముందే వర్క్‌షాపు గడప తొక్కితే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒకటే, కారు వాళ్లకిచ్చేసి డబ్బు వెనక్కి అడుగుదామని. అమెరికాలోలా దీనికంటూ లెమన్ లా అనే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. దాని కింద వినియోగదారుల కమిషన్ లోపాన్ని సరిచేయమనొచ్చు, వేరే కారు ఇమ్మనొచ్చు, డబ్బు వాపసు చేయమనొచ్చు. ఎక్కువ కేసుల్లో దక్కేది మొదటిదే. 2006లో ఒక మారుతి కారు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. లోపమున్న భాగం మార్చితే సరిపోయేచోట కారు మొత్తం మార్చమనడం కుదరదంది.

ఖరీదైన కారైతే పని తొందరగా అవుతుందనుకోవడం భ్రమ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక సంస్థ 2009 సెప్టెంబర్ 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కొంది. నాలుగు రోజులకే సమస్య వచ్చింది, నవంబర్‌లో మళ్లీ వచ్చింది. పోలీసు కేసు దాకా వెళ్లింది. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేసి, కొత్త కారు ఇవ్వమని కంపెనీని ఆదేశించింది. కంపెనీ ఇస్తానన్నా కొన్నవాళ్లు ఒప్పుకోలేదు, వడ్డీతో డబ్బే కావాలన్నారు. చివరికి 2024 జులై 10న సుప్రీంకోర్టు రూ.50 లక్షలు ఇవ్వమని ముగించింది. అప్పటికి దాదాపు పదిహేనేళ్లు. ఎదుటివాళ్లు రాతపూర్వకంగా కొత్త కారు ఇస్తామంటే, పట్టుదలకు పోకుండా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

కారును తేలిగ్గా వద్దనగలిగేది రిజిస్ట్రేషన్‌కు ముందే. నంబరు పడ్డాక డీలర్ దాన్ని కొత్త కారుగా అమ్ముకోలేడు, అందుకే అక్కడి నుంచి బేరం బిగుసుకుంటుంది. కాబట్టి లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కట్టకముందే స్టాక్‌యార్డుకు వెళ్లి కారు చూడాలి, అదీ పగటి వెలుగులో. ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో సరిపోలిందా, తయారైన నెల ఏది అన్నవి ముందు చూడండి. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఐదు టైర్ల తేదీల్లో ఒకటి మిగతావాటికి చాలా దూరంగా ఉంటే ఎందుకని అడగాలి. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరిందా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఏ హెచ్చరిక లైటైనా ఆరకుండా ఉంటోందా, కారు కింద నేల మీద నూనె మరక ఉందా చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే అక్కడే వాట్సాప్‌లో ఫొటోతో "ఈ కారు వద్దు, వేరేది కేటాయించండి" అని రాసి పెట్టాలి. నోటిమాట పనికిరాదు.

డెలివరీ అయ్యాక మీ బలమంతా జాబ్ కార్డుల్లోనే, అంటే వర్క్‌షాపులో మీ ఫిర్యాదు రాసుకునే కాగితాల్లోనే ఉంటుంది. చాలా కేసులు వీగిపోయేదీ ఇక్కడే. కారు మూడుసార్లు ఆగిపోయి ఉంటుంది, జాబ్ కార్డు మీద మాత్రం మూడుసార్లూ "జనరల్ చెకప్" అని ఉంటుంది. కంపెనీ లాయరు ఆ కాగితాలే కమిషన్ ముందు పెడతాడు. కాబట్టి సర్వీస్ అడ్వైజర్ "పికప్ తక్కువ, చెక్ చేయాలి" అని టైప్ చేస్తే సంతకం పెట్టొద్దు. "ఇంజిన్ వేడెక్కాక, ఏసీ వేసి, మూడో గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పసుపు ఇంజిన్ లైటు వెలిగి పికప్ పడిపోతోంది, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలవుతోంది" అని రాయించండి. ఎప్పుడు, ఏ వేగంలో, ఏ వేడిలో, ఎంతసేపు అన్నవి అందులో ఉండాలి.

వచ్చిపోయే లోపం వర్క్‌షాపులో కనిపించకపోవడానికి కారణం ఉంది. ఎర్రర్ కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత, లోడ్ ఎంతున్నాయో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. స్కానర్‌తో కోడ్ చెరిపేసినా, కొన్ని కార్లలో బ్యాటరీ తీగ విప్పినా అది పోతుంది. అందుకే స్కానింగ్ మీ కళ్ల ముందే చేయించి, చెరిపేలోపు స్క్రీన్ ఫొటో తీసుకోండి. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో వచ్చే లోపమైతే కారును రాత్రంతా అక్కడే వదిలి, తెల్లారి టెక్నీషియన్‌తో కలిసి స్టార్ట్ చేయాలి. కారు ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, ఓడోమీటర్ రీడింగ్, మార్చిన భాగం పేరు ప్రతిసారీ కాగితం మీద ఉండాలి. బయటి మెకానిక్‌తో వైర్లు కోయించి హారన్, ఫాగ్ లైట్లు పెట్టించుకుంటే ఎలక్ట్రికల్ వారంటీ మీద మీరే నీళ్లు పోసుకున్నట్టు.

అదే లోపం మూడోసారీ వస్తే డీలర్‌ని దాటి కంపెనీ కస్టమర్ కేర్‌కు, ప్రాంతీయ సర్వీస్ మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టాలి, జాబ్ కార్డులన్నీ జతచేసి, గడువు ఇచ్చి. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, లాయర్ నోటీసు, అప్పటికీ కదలకపోతే జిల్లా కమిషన్. మీరు నివసించే చోటే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. రూ.50 లక్షల దాకా ధర కట్టిన కారు జిల్లా కమిషన్‌కే వస్తుంది. రుసుము 5 లక్షలు దాటితే 10 లక్షల వరకు రూ.200, 20 లక్షల వరకు రూ.400, 50 లక్షల వరకు రూ.1,000. గడువు రెండేళ్లు. డీలర్‌నీ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటారు. తయారీ లోపమని నిరూపించాల్సింది మీరే. కాబట్టి సెక్షన్ 38 కింద నిపుణుల పరీక్ష కోరుతూ మొదట్లోనే అర్జీ పెట్టండి. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, జరిగేది అంతకంటే ఎక్కువే. ఈలోగా ఈఎంఐ ఆపొద్దు, బ్యాంకుకు కారు లోపంతో సంబంధం లేదు. ఇన్వాయిస్ ధర చేతికిచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ ఇన్సూరెన్స్ దొంగతనానికి, కారు పూర్తిగా నాశనమైనప్పుడు మాత్రమే. తయారీ లోపానికి అది రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు దారి సులువు. కాలిఫోర్నియాలో 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు అదే లోపానికి నాలుగు రిపేర్లు, ప్రాణాపాయం ఉన్న లోపమైతే రెండు, లేదా మొత్తం 30 రోజులకు పైగా వర్క్‌షాపులో ఉండటం జరిగితే చట్టం మీవైపు మొగ్గుతుంది. మూడు రోజుల్లో వెనక్కివ్వొచ్చన్న ప్రచారం మాత్రం డీలర్‌షిప్‌లో కొన్న కొత్త కారుకు వర్తించదు.

ఇక బ్రాండ్లు. కన్స్యూమర్ రిపోర్ట్స్ సర్వేల్లో టయోటా, లెక్సస్ ఏళ్ల తరబడి పైవరసలో ఉన్నాయి. కానీ ఆ పట్టిక అమెరికా మోడళ్లది. ఇక్కడ టయోటా గ్లాంజా అంటే మారుతి బాలెనోయే. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా రెండూ బిడదిలోని టయోటా ప్లాంటులోనే తయారవుతాయి. అందుకే లోగో కంటే ఇంజిన్, గేర్‌బాక్సు జత చూసి నమ్మకం పెట్టుకోవడం మంచిది. టయోటాకే 2024లో అమెరికాలో దెబ్బ తగిలింది: ఇంజిన్‌లో మిగిలిపోయిన లోహపు రజను వల్ల దాదాపు లక్ష టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ వాహనాలను వెనక్కి పిలిచింది. హ్యుందాయ్ తీటా 2 ఇంజిన్లలోనూ ఇలాంటి రజనే బేరింగులను తినేసింది.

నా లెక్కలో తక్కువ తలనొప్పి పెట్టేవి టర్బో లేని పెట్రోల్ ఇంజిన్లు. మారుతి 1.2, 1.5, హోండా సిటీ 1.5, హ్యుందాయ్-కియా 1.2, 1.5 మాన్యువల్‌తోనో, టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ రకం ఆటోమేటిక్‌తోనో తీసుకుంటే ధైర్యంగా ఉండొచ్చు. టయోటా హైబ్రిడ్‌ల మీద నాకు ఇంకా ఎక్కువ నమ్మకం. వాటి బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కి.మీ. వారంటీ ఉంది. జాగ్రత్తపడాల్సింది డ్రై క్లచ్ డీసీటీల దగ్గర, అంటే రెండు క్లచ్‌లతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల దగ్గర. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇంచీ ఇంచీ పాకుతుంటే క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కుతుంది, అప్పుడే వణుకు మొదలవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ 2013లో డీఎస్‌జీ అనే తన డీసీటీ సమస్యతో చైనాలో 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా నచ్చితే ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు 1.0 టర్బోతో వచ్చే టార్క్ కన్వర్టర్ తీసుకోవాలి.

మహీంద్రా డీజిల్ ఇంజిన్లు గట్టివి, మొదటి బ్యాచ్‌లతోనే జాగ్రత్త. 2021 జూన్ నుంచి 2023 జూన్ దాకా తయారైన 1,08,306 ఎక్స్‌యూవీ 700 కార్లను, ఇంజిన్ దగ్గర వైరింగ్ ఒరుసుకుంటుందేమో చూడటానికి పిలిచారు. మారుతి కూడా 2021లో మోటార్ జనరేటర్ యూనిట్ కోసం 1,81,754 కార్లను పిలిచింది. వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడం తప్పుకాదు. నన్నడిగితే అది మంచి గుణమే. అయినా కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాది ఆగడం మేలు.

విద్యుత్ కార్లలో చాలామంది పెద్ద బ్యాటరీ గురించే భయపడతారు. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6లను ఆపేసింది ఐసీసీయూ అనే భాగం. అది చెడితే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చార్జ్ కాక కారు మొత్తం నిలిచిపోతుంది. 2024లో మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లను దీనికోసమే పిలిచారు. ఈ రెండింటిలో ఏది కొంటున్నా, వాడినది కొంటున్నా, ఛాసిస్ నంబరు చెప్పి ఆ పని పూర్తయిందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

స్టాండర్డ్ వారంటీ మారుతి, టయోటా, టాటాలకు మూడేళ్లు లేదా లక్ష కి.మీ. డీసీటీ గేర్‌బాక్సుకైనా, టర్బోకైనా ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాల్సిందే, అదీ కంపెనీది. డీలర్ అంటగట్టే బయటి సంస్థ పాలసీ వద్దు. డబ్బు కట్టేముందు మినహాయింపుల పేజీ అడిగి, క్లచ్, మెకాట్రానిక్స్ (గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్) అందులో ఉన్నాయో లేవో అక్కడే చూసుకోండి.