ఫామ్ ప్లాట్ క్లీనింగ్: జేసీబీకి ఒకటి, బ్రష్ కట్టర్‌కు నాలుగు

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ప్లాట్ శుభ్రం చేసే సర్వీసులు రెండు రకాలు: గంట లెక్కన వచ్చే జేసీబీ, రోజు లెక్కన వచ్చే బ్రష్ కట్టర్ (చేత్తో పట్టుకుని గడ్డి, పొదలు కోసే మిషన్) మనుషులు. రేగు, బలుసు, తంగేడు పెరిగిన నేలైతే అందులో నేల మీదే గూడు పెట్టే కౌజులు, పూరేళ్లు అనే పక్షులు ఉండే అవకాశం ఎక్కువ. మార్కులు వాటిని లెక్కలోకి తీసుకుని ఇచ్చినవి.

జేసీబీకి ఐదుకు ఒకటి. పని తొందరగా అవుతుంది, అంతే. బకెట్ పొదను కోయదు, పైమట్టితో సహా చెక్కేస్తుంది. గడ్డి విత్తనం, చెదపుట్టలు పోతాయి. కౌజు మేత అదే, పిల్లలైతే పురుగుల మీదే బతుకుతాయి. తొలకరికి ఆ బోడినేలను వయ్యారిభామ కలుపు కమ్మేస్తుంది. విరిగిన సర్కారు తుమ్మ మొదలు గుంపుగా పిలకలేస్తుంది. యజమాని డబ్బు కూడా దండగే.

బ్రష్ కట్టర్‌కు నాలుగు, దగ్గరుండి చేయించుకుంటేనే. నైలాన్ తీగ గడ్డికి, మూడు పళ్ల బ్లేడు తుప్పలకు, గుండ్రటి రంపం బ్లేడు లావు కాండాలకు. పళ్ల బ్లేడుతో లావు కాండం కొడితే మిషన్ వెనక్కి తంతుంది. లంటానా అనే కలుపు పొదను పైన కోసి వదిలితే మళ్లీ వస్తుంది; పిలకలు పుట్టే చోటుకు కింద వేరు నరికి, దుబ్బును తలకిందులుగా పెట్టించాలి. ఉంచాల్సిన రేగు, బలుసు పొదలకు ముందే రంగుగుడ్డ కట్టాలి.

అసలు ప్రమాదం కోసే వరుసలో ఉంది. అంచుల నుంచి లోపలికి కోసుకొస్తే పక్షులన్నీ నడిమి ముక్కలో చిక్కుకుంటాయి. నడుమ నుంచి బయటికి కోయాలి. మిషన్ చప్పుడుకే ఎగిరిపోతాయని పనివాళ్లు చెబితే నమ్మొద్దు. పొదిగే కౌజు కాలి దగ్గరికి వచ్చేదాకా లేవదు, పిల్లలు నేలకు కరుచుకుని కదలకుండా ఉంటాయి. అందుకే ఒక మనిషి కర్రతో తట్టుకుంటూ ముందు నడవాలి. గూడంటే పొద మొదట్లో చిన్న గుంట, కాస్త గడ్డి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గుడ్లు. కనబడితే చుట్టూ పొద వదిలేసి సుమారు మూడు వారాలు ఆగాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి.

కౌజు ముఖ్యంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, అడవి పూరేడు వానలు తగ్గాక, చలికాలంలో గుడ్లు పెడతాయి. ఫిబ్రవరి, మార్చిలో చేయిస్తే నష్టం తక్కువ. మొక్కలు నాటే ముందని మే నెలలో పిలవడం చాలా తప్పు.

కొంత కోత మంచిదే. దట్టంగా మూసుకుపోయిన సర్కారు తుమ్మ కింద గడ్డి సరిగా రాదు. కౌజుకు మేయడానికి తెరిపి, పరుగెత్తి దూరడానికి పక్కనే పొద, రాత్రి ఎక్కి కూర్చోవడానికి ముళ్లచెట్టు, మూడూ కావాలి. కాబట్టి ముక్కలుగా తెరిపించి, కంచె వెంట పొదల వరుస తెగకుండా ఉంచమనండి.

కోసిన కంప కుప్పను అదే రోజు బండికెత్తించండి. నాలుగు రోజులుంచి నిప్పు పెడతామనే వాళ్లకు పని ఇవ్వకండి. ఈలోపే పూరేళ్లు అందులో దూరతాయి.